జిరాక్స్ నోట్సు గారికి ఒక పార్ట్‌టైమ్ మాస్టారి విన్నపం

మహారాజశ్రీ సాహిత్య విమర్శ జిరాక్స్ నోట్సు గారికి,

గుంటూరు బ్రాడీపేటలో మీరు కాపురముంటున్న షాపు ముందు నుంచే రోజూ కాలేజీకి పోతుంటాను. పేజీ రూపాయి చొప్పున నలభై రూపాయలకే నాట్యశాస్త్రం రాసిన భరతుడి నుంచి ఫ్రెంచి తాత్వికుడు డెరిడా దాకా చేతిలో పెడతారు మీరు. నేను ఏడాదంతా గొంతు చించుకున్నా ఆ భరతుడి రససూత్రం దాటలేదు.

మీ వంశాన్ని తక్కువ చేయను లెండి. భాషను ఒక నిర్మాణంగా చూసే నిర్మాణవాదానికి మూలపురుషుడు సస్యూర్ పోయిన మూడేళ్లకు, 1916లో, ఆయన పేరుతో వచ్చిన పుస్తకం కూడా విద్యార్థుల నోట్సుల్లోంచి కూర్చిందే. కాకపోతే ఆ విద్యార్థులు క్లాసుకు వెళ్లేవారు.

మొన్న నాకో దుర్బుద్ధి పుట్టింది. ఇంగ్లీషు విమర్శకుడు ఐ.ఏ. రిచర్డ్స్ కేంబ్రిడ్జిలో విద్యార్థులకు కవుల పేర్లు తీసేసి కవితలిచ్చి, మీకేమనిపించిందో రాయమన్నాడు. వాళ్లు రాసిన దాని మీదే 1929లో పుస్తకం తెచ్చాడు. నేనూ కవి పేరు కొట్టేసి ఎనిమిది పంక్తుల కవిత పంచాను. ఐదు నిమిషాలు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. చివరి బెంచీ అమ్మాయి లేచి, "సార్, పేరు లేకపోతే కవి పరిచయం ఎట్లా రాయాలి? దానికి నాలుగు మార్కులు కదా" అంది. పక్క వరసలో కుర్రాడు మాత్రం ధైర్యంగా "ఇందులో ధ్వని ఉంది సార్" అన్నాడు. ధ్వని అంటే మాటల వెనక దాగిన అర్థం కదా, నా ప్రాణం లేచొచ్చింది. ఎక్కడుందయ్యా అంటే, "పదిహేడో పేజీలో సార్".

ఇక మీ ఎడమ అంచు సంగతి. కాపీకి కాపీ తీసీ తీసీ పంక్తుల మొదటి అక్షరాలు ఎగిరిపోయాయి. రసం 'సం' అయితే పిల్లలు పూరించుకున్నారు. డెరిడా గారి 'వినిర్మాణవాదం'లో 'వి' పోయేసరికి అది నిర్మాణవాదమై కూర్చుంది. ఆ ఏడాది జవాబు పత్రాల్లో డెరిడా, తాను పట్టుబట్టి ప్రశ్నించిన నిర్మాణవాదానికే పితామహుడయ్యాడు, అండర్‌లైన్లతో సహా.

మార్కులు వేశానా అంటారా? వేశాను. నా దగ్గరున్న కీ కూడా మీ జిరాక్సే.

ఉండబట్టలేక పోయిన వారం షాపు అబ్బాయి టీకి వెళ్లిన సందు చూసి, మీ ఒరిజినల్ మీద బాల్‌పెన్నుతో 'వి' చేర్చాను. చత్వారం కళ్లు కదా, ఒక పంక్తి పైన పడ్డట్టుంది. నిన్న స్లిప్ టెస్టు దిద్దుతుంటే తెలిసింది: డెరిడా ఎక్కడివాడక్కడే ఉన్నాడు, సస్యూర్ వినిర్మాణవాది అయ్యాడు.

ఇట్లు,
మీ పాత ఖాతాదారు