‘ఎవరి నిజం వారిది’ అంటే సరిపోతుందా?

హనుమకొండలో నేను చరిత్ర చెప్పే డిగ్రీ తరగతిలో కాకతీయుల చెరువుల పాఠం నడుస్తోంది. పాకాల, లక్నవరం, రామప్ప అయ్యేసరికి తాడ్వాయి వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి లేచింది. “సార్, కరవులో కప్పం కట్టలేదని మేడారం మీదికి సైన్యాన్ని పంపింది కూడా ప్రతాపరుద్రుడే కదా? అది ఈ పాఠంలో ఎందుకు లేదు?” అని అడిగింది. నేను నోరు విప్పేలోపే వెనక బెంచీ అబ్బాయి అందుకున్నాడు. “ఎవరి చరిత్ర వాళ్లది సార్. పరీక్షలో ఏది రాస్తే మార్కులొస్తాయో చెప్పండి.”

అందరికీ చెల్లే ఒకే నిజం ఉందన్న నమ్మకాన్ని ప్రశ్నించే ఆధునికోత్తరవాదం మన విద్యార్థులకు ఏమిచ్చిందో, ఏం పోగొట్టిందో ఈ రెండు మాటల్లోనే ఉంది. కెనడాలోని క్విబెక్ ప్రభుత్వానికి 1979లో ఇచ్చిన నివేదికలో ఫ్రెంచి తత్వవేత్త లియోటార్, అందరి తరఫునా ఒక్కటే మాట్లాడే మహాకథనాల మీద నమ్మకం సడలిందన్నాడు. ఆ అమ్మాయి ప్రశ్న అక్కడిదే అనిపిస్తుంది. కానీ అంత దూరం వెళ్లనక్కర్లేదు. ‘చరిత్రలో మేమెక్కడ?’ అని మన స్త్రీవాదులు, దళితులు, తెలంగాణవాదులు తమ బతుకుల్లోంచే అడిగారు. అదే నివేదికలో ఇంకో మాట ఉంది. ఇకపై విద్యార్థి ‘ఇది నిజమా?’ అని కాక, ‘దీనివల్ల ఉపయోగమేమిటి?’ అని అడుగుతాడని. మా వెనక బెంచీ అక్కడే ఉంది.

‘ఎవరి నిజం వారిది’ అన్న మాట వినడానికి ఉదారంగా ఉంటుంది. నాకు మాత్రం భయమేస్తుంది. వసతి గృహంలో కులం పేరుతో తనను అవమానించారని ఒక విద్యార్థి చెబితే, ‘అది నీ అభిప్రాయం’ అని నోరు మూయించడానికి ఇదే మాట అక్కరకొస్తుంది. అన్ని మాటలూ సమానమైన చోట బలవంతుడి మాటే చెల్లుతుంది.

వేయిస్తంభాల గుడిలోని 1163 నాటి శాసనం రుద్రదేవుడి విజయాలను పొగుడుతుంది. అది రాజు చెప్పించిన మాట. సమ్మక్క కథ కోయల పాటల్లో తరాలుగా నోటికి నోరు మారుతూ వచ్చింది. రెండింటినీ నిలదీయాలి. ఎవరు చెప్పారు, ఎప్పుడు, ఎవరి కోసం? గుడి ఎప్పటిదో తేల్చడానికి శాసనమే గట్టి ఆధారం. ఆ రాజ్యాన్ని అడవి ఎలా గుర్తుపెట్టుకుందో తెలియాలంటే పాటనే ఆశ్రయించాలి. ఈ తేడా పట్టుకోవడమే చదువు. గైడ్లు దాన్ని నేర్పవు, ఫోనులో అర నిమిషం వీడియోలూ నేర్పవు. పాఠం ఆగకుండా ముగించాలనే తొందరలో మేమూ నేర్పడం లేదు.

ఆ అమ్మాయిని ఇంట్లో విన్న కథ రాసుకు రమ్మన్నాను. నాయనమ్మ చెప్పింది ఒక కాగితం మీద, మేనమామ చెప్పింది ఇంకో కాగితం మీద రాసుకొచ్చింది. రెండూ కలవని చోట్ల పెన్సిలుతో గీతలు పెట్టింది. వెనక బెంచీ అబ్బాయి ఆ కాగితాలు తీసుకుని చాలాసేపు చూశాడు.

“మరి వీటిలో ఏది జరిగింది సార్?” అన్నాడు.

గంట కొట్టినా ఆ రోజు ఎవరూ లేవలేదు.