తగుపాటి తప్పు ఒకటి కావలెను

విమానం నడపడం వచ్చినంత మాత్రాన పైలట్ ఉద్యోగం వచ్చేస్తుందనుకునే అమాయకులు ఇంకా ఉన్నారు. వారి మీద జాలితోనే ఈ నాలుగు మాటలు. లైసెన్సు, లాగ్‌బుక్, మెడికల్ సర్టిఫికెట్ మిమ్మల్ని ఇంటర్వ్యూ గది గుమ్మం దాకా తీసుకొస్తాయి. లోపల అడిగే సరుకు వేరు. ఒక తప్పు. మీరు స్వయంగా చేసినది, తగుపాటిది.

"గాల్లో మీరు చేసిన పొరపాటు ఒకటి చెప్పండి" అంటారు ప్యానెల్ వారు, ఎంతో ప్రేమగా. "నేనెప్పుడూ పొరపాటు చేయలేదండీ" అన్నవాడు అబద్ధాలకోరు కాబట్టి ఇంటికి. నిజంగానే ఘోరమైనది చెప్పినవాడు ప్రమాదకారి కాబట్టి వాడూ ఇంటికే. ఈ రెండిళ్ళ మధ్య ఇరుకు సందులో పట్టే తప్పును వెతుక్కోవాలి. మచ్చుకి: కంట్రోలర్ 8000 అడుగుల దాకా ఎక్కమన్నాడు, మీరు మీట తిప్పి 9000 పెట్టారు. 7000 దగ్గర ఉండగానే అంకె చూసి, నాలిక కరుచుకుని, పక్కనున్న కెప్టెన్‌కు చెప్పి సరిదిద్దారు. బంగారం లాంటి తప్పు! అదే, 8000 దాటి 300 అడుగులు పైకెళ్ళాక గమనించారా, చెప్పుకోవడానికి పనికిరాదు. ఆ బంగారు తప్పు మీద దిగాక రిపోర్టు రాసి ఉండాలి. ఆ రాత్రి నిద్ర పట్టి ఉండకూడదు. ఒక్క రాత్రే సుమండీ, రెండు రాత్రులన్నారంటే ఒత్తిడికి ఆగలేని మనిషని రాసేసుకుంటారు.

మరి ఇన్నాళ్ళూ ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఎగిరినవారి గతేమిటని అడగవచ్చు. వారికి నేను చేయగలిగిందేమీ లేదు. ముందే ఆలోచించుకోవలసింది.

రెండో సరుకు, మొండి కెప్టెన్. "కెప్టెన్‌తో విభేదించిన సందర్భం చెప్పండి" అన్నప్పుడు బయటికి తీయాలి. ఇంటర్వ్యూ ముగించుకుని వచ్చినవాళ్ళు ప్రశ్నలూ జవాబులూ రాసి పెడితే, అవి ఫోన్ నుంచి ఫోన్‌కు చేరి, చివరికి అందరి దగ్గరా ఒకే కెప్టెన్ మిగిలాడు. ఆయన ల్యాండింగ్‌కు వస్తూ 1000 అడుగుల దగ్గర కూడా వేగం తగ్గించడు. పక్క సీటులోని ఫస్ట్ ఆఫీసర్, అంటే కో-పైలట్, వినయంగా ఒకసారి, గట్టిగా ఒకసారి చెప్పి, "గో అరౌండ్" అంటాడు, అంటే దిగడం మానేసి మళ్ళీ పైకి లేపమని. ఆయన వింటాడు. కింద దిగాక కాఫీ ఇప్పించి "థాంక్యూ, కళ్ళు తెరిపించావ్" అంటాడు. పాపం, ఆ మహానుభావుడెవరో గానీ ప్రతి ఫస్ట్ ఆఫీసర్ పక్కనా ఒక డ్యూటీ చేశాడు, ప్రతివాడి చేతా కళ్ళు తెరిపించుకున్నాడు. డ్యూటీ గంటల పరిమితి ఆయనకు వర్తించదు కాబోలు.

ఈ ప్రశ్న వెనక నవ్వుకోలేని సంగతి ఒకటుంది. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే దీవిలో, పొగమంచులో, రన్‌వే మీద ఇంకో బోయింగ్ 747 ఉండగానే డచ్ సంస్థ కేఎల్ఎం వారి 747 టేకాఫ్‌కు పరుగు తీసింది. ఎదుటి విమానం పక్కకు తప్పుకుందా లేదా అని కేఎల్ఎం ఫ్లైట్ ఇంజనీర్ సందేహం వెలిబుచ్చాడు. తప్పుకుందని కెప్టెన్ ఢంకా బజాయించాడు. 583 మంది పోయారు. పెద్దవాళ్ళకు చిన్నవాళ్ళు ధైర్యంగా చెప్పాలని, చెబితే పెద్దవాళ్ళు వినాలని క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్ పేరుతో నేర్పడం ఇలాంటి ప్రమాదాల తర్వాతే మొదలైంది. అభ్యర్థి ఈ చరిత్రంతా గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతాడు. అప్పుడు బల్లకు అవతలున్న సీనియర్ కెప్టెన్, కాగితాలు తిరగేస్తూ, "సముద్రమట్టం దగ్గర స్టాండర్డ్ ఉష్ణోగ్రత 20 డిగ్రీలు కదూ?" అంటాడు. 15 అని ఆయనకూ తెలుసు, వీడికీ తెలుసు. "అవును సార్." ఇంతకుముందే వాడు ఏ కెప్టెన్‌నైనా ఆపగలనని చెప్పి ఉన్నాడు, గుర్తుందిగా?

"మా సంస్థలోనే ఎందుకు చేరాలనుకుంటున్నారు?" అనే ప్రశ్నకు లోకంలో నిజమైన జవాబు ఒక్కటే: మీరు పిలిచారు గనుక. అది చెప్పకూడదు. విలువలు, సంస్కృతి, కొత్త విమానాల ఆర్డర్లు అంటూ కాసేపు నడిపించాలి. సీనియారిటీ జాబితాలో ఎంత పైనుంటే సెలవులు, బేస్, కెప్టెన్ సీటు అంత తొందరగా దక్కుతాయనీ, అందుకే ఇవాళే సంతకం పెట్టేయాలనుందనీ మనసులోనే ఉంచుకోవాలి.

గ్రూప్ పరీక్షలో మునిగే పడవ, పది వస్తువులు, ఆరుగురు అభ్యర్థులు ఉంటారు; ఏ వస్తువులు ఉంచుకోవాలో అందరూ కలిసి తేల్చాలి. పెత్తనం చేస్తే అహంకారి, నోరు మూసుకుంటే చేతకానివాడు. కాబట్టి ఆరుగురూ "ముందు మీరు చెప్పండి", "అయ్యో, మీరే చెప్పండి" అంటుండగా పడవ మునిగిపోతుంది. అందరికీ టీమ్ స్పిరిట్‌లో మంచి మార్కులు పడతాయి.

టెక్నికల్ ప్రశ్నల గురించి బెంగ వద్దు. వెయ్యి అడుగులు దిగడానికి మూడు మైళ్ళు, అంటే 36,000 అడుగుల నుంచి 108 మైళ్ళు. చదివితే వచ్చేవాటికి వ్యాసం దండగ.

చివరగా సిమ్యులేటర్. ఇన్ని ఘట్టాల్లో విమానం లాంటిది కనిపించేది ఇక్కడే. ఆటోపైలట్ తీసేస్తారు, ఇంజన్ల జోరు తనే చూసుకునే ఆటోథ్రాటిల్ తీసేస్తారు, దారి చూపే ఫ్లైట్ డైరెక్టర్‌నూ ఆపేస్తారు. దానికి భయపడనక్కరలేదు. భయపడవలసింది పక్క సీటుకు. అందులో తరచు కూర్చునేది మీ పోటీదారే. వాడు నడుపుతున్నంతసేపూ మీరు సాయం చేయాలి, మనస్ఫూర్తిగా. టేకాఫ్ అయింది, విమానం పైకి లేస్తోంది, మీరు "పాజిటివ్ రేట్" అన్నారు. వాడు "గేర్ అప్", అంటే చక్రాలు లోపలికి ముడవమని, అనాలి. అనడం లేదు. చక్రాలు అలాగే వేలాడుతున్నాయి. వాడు మరిచిపోయాడు, ఉద్యోగమేమో ఒక్కటే ఉంది. ఇలాంటప్పుడు "పాజిటివ్ రేట్" అని రెండోసారి అనాలి, మొదటిసారి కంటే ఆప్యాయంగా, వెనక కూర్చున్న ఎగ్జామినర్‌కు కూడా స్పష్టంగా వినబడేటంత ఆప్యాయంగా.