రోడ్డవతలి అమ్మాయిలకు పేర్లుండవా?

అమెరికాలో ఉంటున్న మా పాఠకుడొకరు ఈ వారం ఒక సావనీర్ పంపారు. వాళ్లబ్బాయి చదివే కాథలిక్ బాయ్స్ హైస్కూల్ తన నాటక విభాగం చరిత్రను ఫొటోలతో అచ్చేసుకుంది. ఆ స్కూల్ పేరు రాయం, ఎందుకంటే ఈ జబ్బు ఒక్క దానిదే కాదు. అందులో ఒక నలుపు తెలుపు ఫొటో ఉంది. కత్తులు పట్టుకుని నిలబడ్డ కుర్రాళ్లందరికీ ఎడమ నుంచి కుడికి ఇంటిపేర్లతో సహా పేర్లున్నాయి. మధ్యలో కిరీటం పెట్టుకుని రాణి కూర్చుంది, నాటకం మొత్తం నడిచిందే ఆమె మీద. ఆమె పేరేమిటయ్యా అని కింద చూస్తే 'పక్క స్కూల్ విద్యార్థిని' అని ఉంది. అంతే! పక్కనున్న గర్ల్స్ స్కూల్‌తో కలిసి దశాబ్దాలుగా నడిపిన నాటక విభాగం ఇది. ఉమ్మడి ఆస్తి అంటూనే పట్టా మాత్రం ఒక్కరి పేరు మీద రాయించుకున్నారు.

ఈ చిన్నచూపు పాతదే. స్కూళ్లు, కాలేజీలు నడిపే కాథలిక్ సన్యాసి సంఘం జెస్యూట్ ఫాదర్లు 1599లో రాసుకున్న విద్యా నియమావళిలో స్కూల్ నాటకాలు లాటిన్‌లోనే ఉండాలి, అదీ అరుదుగానే వేయాలి, ఆడ పాత్ర గానీ ఆడ వేషం గానీ స్టేజీ ఎక్కకూడదు అని స్పష్టంగా ఉంది. సడలింపులు తర్వాత అక్కడక్కడా వచ్చాయనుకోండి. ఫ్రెంచి నాటకానికి పెద్దదిక్కయిన మోలియేర్ చదువుకున్నది కూడా పారిస్‌లోని వాళ్ల కాలేజీలోనే, కాబట్టి నాటకం వాళ్లకు తెలియని విద్యేం కాదు. స్థానం నరసింహారావు గారి సత్యభామను నెత్తిన పెట్టుకున్న మనకు మగవాళ్లు ఆడవేషం కట్టడం వింత కాదు గానీ, అక్కడి అబ్బాయిల స్కూళ్లకు ఆ దారి ఎల్లకాలం సాగలేదు. నాటకం ఆడాలంటే పక్క కాన్వెంటు తలుపు తట్టక తప్పలేదు. న్యూయార్క్‌లో 1914లో మొదలైన రీజిస్ హైస్కూల్ ఈ రోజుకీ అబ్బాయిలదే, నాటకాలకు మాత్రం చుట్టుపక్కల స్కూళ్ల అమ్మాయిలు వచ్చి వేషాలు వేస్తారు. అవసరమైంది కాబట్టి పిలిచారు, తప్పులేదు. పిలిచాక పేరెందుకు రాయరన్నదే మా ప్రశ్న.

కాలిఫోర్నియాలోని కాంకర్డ్ చూడండి. డి లా సాల్ హైస్కూల్ అబ్బాయిలది, కారండెలెట్ హైస్కూల్ అమ్మాయిలది, రెండూ 1965లో మొదలయ్యాయి, మధ్యలో ఉన్నది ఒక్క రోడ్డు. పిల్లలు ఆ రోడ్డు దాటి అవతలి స్కూల్లో కొన్ని క్లాసులు వింటారు, నాటకాలూ కలిసే వేస్తారు. డి లా సాల్ ఫుట్‌బాల్ జట్టు 1992 నుంచి 2004 దాకా వరసగా 151 మ్యాచ్‌లు గెలిచిందన్న లెక్క అమెరికా అంతా తెలుసు, దాని మీద 2014లో సినిమా కూడా వచ్చింది. మంచిదే. అసలు ఏ స్కూలైనా బంతి లెక్క రాసినంత శ్రద్ధగా, ఏ ఏడాది ఏ నాటకంలో ఎవరే వేషం కట్టారో రాసి పెడుతోందా? రాసినా అబ్బాయిల పేర్లతోనే ఆపేస్తే అది ఉమ్మడి చరిత్ర ఎలా అవుతుంది?

ఆడిటోరియం మాది, కరెంటు బిల్లు మాది, డైరెక్టర్ జీతం మాది అని బాయ్స్ స్కూళ్లు అంటాయి, ఆ ఖర్చు నిజమే. ఖర్చు పెట్టినవాడి పేరు గోడ మీద రాసుకోండి, ఎవరొద్దన్నారు? రాత్రి తొమ్మిదింటిదాకా రిహార్సల్ చేసి, మేకప్ తుడుచుకుని, తెల్లారి తన స్కూల్లో పరీక్ష రాసిన పిల్ల పేరు చెరిపే హక్కు మాత్రం కరెంటు బిల్లుతో రాదు.

మా అసలు భయం వేరే ఉంది. ఈ స్కూళ్లు ఒకదాని తర్వాత ఒకటి కలిసిపోతున్నాయి, లేదంటే మూతపడుతున్నాయి. మినెసోటాలోని సెయింట్ పాల్ నగరంలో అబ్బాయిల స్కూల్ క్రెటిన్, అమ్మాయిల స్కూల్ డెరమ్ హాల్ 1987లో ఒక్కటయ్యాయి. ఫిలడెల్ఫియా శివార్లలో అబ్బాయిల బోనర్, అమ్మాయిల ప్రెండర్‌గాస్ట్ 2012లో కలిశాయి. ఈ రెండు చోట్లా బోర్డు మీద ఇద్దరి పేర్లూ ఉంచారు, శభాష్. కానీ శాన్‌ఫ్రాన్సిస్కోలో అమ్మాయిల స్కూల్ మెర్సీ 2020లో తాళం వేసుకుంది. అలా తాళం పడ్డ స్కూల్ తరఫున మాట్లాడేదెవరు? అప్పుడు మిగిలేది మిగిలిన స్కూల్ వేసుకున్న సావనీరే. ఈ రోజు 'పక్క స్కూల్ విద్యార్థిని' అని రాస్తే రేపు అదే రికార్డు, ఎల్లుండి అదే చరిత్ర. అడిగేవాళ్లు ఉండగానే ఇలా రాస్తున్నవాళ్లు, లేకపోతే ఇంకేం రాస్తారు?

పాత పేర్లు దొరకలేదని మాత్రం చెప్పకండి సార్. ఇంటర్వెల్‌లో కాఫీ అమ్మిన వాలంటీర్ల పేర్లు వెనక పేజీలో వరసగా వేశారు, అవి దొరికాయి కదా! ఆ గర్ల్స్ స్కూల్ ఇంకా నడుస్తోంది, అక్కడి లైబ్రరీలో ఇయర్‌బుక్కులుంటాయి, పాత విద్యార్థినుల సంఘం ఉంటుంది. నాటకానికి రాణి కావలసి వచ్చినప్పుడల్లా రోడ్డు దాటి వెళ్లి అడిగారు. ఇప్పుడు ఆ రాణి పేరు కోసం ఇంకొక్కసారి వెళ్లండి.