సహసంబంధాన్ని కారణంగా చెప్పడమూ నీతి తప్పడమే

1939లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ ఆచార్యుడు వెండెల్ జాన్సన్ పర్యవేక్షణలో నత్తి మీద ఒక ప్రయోగం జరిగింది. ఒక అనాథాశ్రమంలోని 22 మంది పిల్లల్ని తీసుకున్నారు. వాళ్లలో మామూలుగా మాట్లాడే ఆరుగురికి ‘నీకు నత్తి మొదలవుతోంది, సరిగ్గా మాట్లాడలేకపోతే అసలు నోరు తెరవకు’ అన్న ధోరణిలో నెలల తరబడి నూరిపోశారు. నత్తి రాలేదు గానీ పిల్లలు నలుగురిలో మాట్లాడటానికే జంకే స్థితికి చేరారు. 2001లో విశ్వవిద్యాలయం క్షమాపణ చెప్పింది.

పెద్దలు తప్పు పట్టడం వల్లే నత్తి వస్తుందా అన్నది వాళ్ల ప్రశ్న. కారణం తేలాలంటే కొందరిని తప్పు పట్టాలి, కొందరిని మెచ్చుకోవాలి, తేడా చూడాలి. పాఠ్యపుస్తకం చెప్పేదీ అదే, వాళ్లు చేసిందీ అదే. పిల్లలకు హాని జరిగింది పద్ధతి పాటించకపోవడం వల్ల కాదు, పాటించడం వల్లే.

మనస్తత్వ శాస్త్రంలో ఇలాంటి ప్రశ్నలకు కొదవ లేదు. దెబ్బలు, నిర్లక్ష్యం, పేదరికం, తల్లిదండ్రుల విడాకులు పిల్లల్ని ఏం చేస్తాయో తెలుసుకోవాలి. కానీ చీటీలు తీసి వీటిని పిల్లలకు పంచలేం కదా. అందుకే జీవితంలో ఉన్నదాన్ని ఉన్నట్టే కొలిచి, ఏది దేనితో కలిసి పెరుగుతోందో, తగ్గుతోందో చూస్తాం. అదే సహసంబంధ అధ్యయనం. ప్రయోగం కుదరని చోట సరిపెట్టుకునే రెండో రకం పద్ధతిగా దీన్ని తరగతి గదుల్లో పరిచయం చేస్తుంటారు. నేను ఒప్పుకోను. చాలాసార్లు అది మనస్సాక్షి ఉన్న పరిశోధకులు తెలిసి ఎంచుకున్న దారి.

అలాగని ప్రయోగం ఎప్పుడూ తప్పేమీ కాదు. రొమేనియాలో 2000లో మొదలైన బుకారెస్ట్ అధ్యయనంలో, అనాథాశ్రమాల్లో పెరుగుతున్న 136 మంది చిన్నారుల్లో సగం మందిని చీటీ పద్ధతిలోనే పెంపుడు కుటుంబాలకు పంపారు. అప్పటికి అక్కడ పెంపుడు కుటుంబాల ఏర్పాటు దాదాపు లేదు. మిగిలిన సగం మందిలో ఎవరికైనా తర్వాత కుటుంబం దొరికితే అడ్డుపడలేదు. నాలుగున్నరేళ్ల వయసుకు కుటుంబాల్లో పెరిగిన పిల్లల ఐక్యూ సగటున సుమారు 8 పాయింట్లు ఎక్కువగా వచ్చింది. ఈ అధ్యయనం మీదా నైతిక చర్చ గట్టిగానే జరిగింది, జరగాలి కూడా. కానీ హానిని పంచడం వేరు, అందరికీ చాలనంత తక్కువగా ఉన్న మేలును పంచడం వేరు. పిల్లలతో చేసే ఏ ప్రయోగాన్నైనా ముందుగా ఈ గీటురాయి మీద చూడాలి.

ప్రయోగం వద్దనుకున్నాక పరిశోధకుడి మీద ఇంకో బాధ్యత పడుతుంది. చేతిలో ఉన్నది సహసంబంధమే అని చివరి వాక్యం దాకా గుర్తుంచుకోవాలి. దెబ్బలు తిన్న పిల్లల్లో దూకుడు ఎక్కువ కనిపించిందనుకుందాం. దెబ్బల వల్ల దూకుడు వచ్చిందా, దూకుడుగా ఉన్నందుకే దెబ్బలు పడ్డాయా, ఇంట్లోని టెన్షన్ రెండింటికీ మూలమా అన్నది సహసంబంధ గుణకం (సంబంధం ఎంత బలంగా ఉందో చెప్పే సంఖ్య) ఒక్కటే చెప్పలేదు.

ఈ సంగతి మరిచి సహసంబంధాన్ని కారణంగా చదివితే ఏమవుతుందో మార్ష్‌మెలో పరీక్ష చెబుతుంది. మిఠాయి ముందున్నా తినకుండా ఆగిన పిల్లలు పెద్దయ్యాక చదువులో ముందున్నారని 1990లో మనస్తత్వవేత్త వాల్టర్ మిషెల్ బృందం రాసింది. వాళ్లు చూసింది ఒక విశ్వవిద్యాలయ నర్సరీలో చదివిన కొద్దిమంది పిల్లల్ని. అయినా ఆ ఫలితం ‘నిగ్రహం నేర్పితే బాగుపడతారు’ అనే సలహాగా ప్రపంచమంతా తిరిగింది. 2018లో టైలర్ వాట్స్ బృందం 918 మంది పిల్లల సమాచారం పరిశీలిస్తే సంబంధం పాతదానిలో సగమే ఉంది. కుటుంబ నేపథ్యం, ఇంటి వాతావరణం, అప్పటికే ఉన్న తెలివితేటలు లెక్కలోకి తెచ్చాక అందులోనూ మూడింట రెండు వంతులు పోయింది. ఈలోగా ఎందరు తల్లిదండ్రులు పేదరికం చూపిన ప్రభావాన్ని తమ బిడ్డ స్వభావంలోని లోపంగా చూసి ఉంటారో!

ఇక్కడే నా ఫిర్యాదు. పరిశోధనలకు అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీలు సమ్మతి పత్రం చూస్తాయి, పేర్లు గోప్యంగా ఉంటాయా అని అడుగుతాయి. ప్రశ్నావళి అధ్యయనమైతే ప్రమాదం తక్కువని సాధారణంగా త్వరగా అనుమతి ఇస్తాయి. ముగింపు ఏమని రాస్తారు, పత్రికలకు ఏమని చెబుతారు అన్నది వాటి పరిధిలోకి రాదు. ఇలాంటి అధ్యయనాల్లో హాని ఎక్కువగా అక్కడి నుంచే బయలుదేరుతుంది. 2019లో పరిశోధకులు ఏమీ ఓర్బెన్, ఆండ్రూ షిబిల్స్కీ మూడున్నర లక్షల మందికి పైగా కౌమారుల సమాచారం చూస్తే, వాళ్ల మానసిక క్షేమంలోని తేడాల్లో డిజిటల్ వాడకంతో ముడిపడింది గరిష్ఠంగా 0.4 శాతమే. అంత చిన్న సంబంధం కూడా ‘ఫోన్ల వల్ల కుంగుబాటు’ అన్న శీర్షిక కింద చేరిపోగలదు. ఏయే అంశాలను లెక్కలోకి తీసుకుంటారో, ముగింపులో ఏ మాటలు వాడరో ముందే నమోదు చేయమని కమిటీలు ఎందుకు అడగకూడదు?

ఇంకో సంగతి నన్ను మరింత కలవరపెడుతోంది. ఒక మనిషి గురించి అంచనా వేయడానికి కారణం తెలియనక్కర్లేదు, సహసంబంధం చాలు. 2013లో మైకేల్ కోసిన్‌స్కీ బృందం 58 వేల మందికి పైగా వాలంటీర్ల ఫేస్‌బుక్ లైకుల నుంచి వాళ్ల రాజకీయ మొగ్గు, లైంగిక అభిరుచి వంటివి చాలావరకు సరిగ్గా ఊహించవచ్చని చూపింది. వాళ్లు తమ సమాచారానికి సమ్మతించారు. దాంతో తయారైన అంచనా సూత్రాన్ని రేపు ఎవరి మీద ప్రయోగిస్తారో వాళ్లను మాత్రం ఎవరూ అడగలేదు. నేటి సమ్మతి పత్రాల్లో వాళ్ల కోసం ఒక్క గడి కూడా లేదు.