చందమామను చూపించే వేలు

వాకిట్లో చంకనెత్తుకుని చందమామను చూపిస్తూ గోరుముద్దలు పెట్టడం మన ఇళ్లలో తరతరాల అలవాటు. ఆ కాసేపట్లో బిడ్డ ఎంతో నేర్చుకుంటుంది. ముందు తల్లి వేలిని చూస్తుంది. అక్కడే ఆగిపోకుండా ఆ వేలు చూపిన వైపు ఆకాశంలోకి చూస్తుంది. మళ్లీ తల్లి ముఖంలోకి తిరిగి, నువ్వూ చూశావా అన్నట్టు నవ్వుతుంది. 9, 10 నెలలకు మొదలై ఏడాది దాటేసరికి కుదురుకునే ఈ చూపుల మీదే తర్వాత మాట నిలబడుతుంది. ఏడాదిన్నర వచ్చేసరికి బిడ్డే వేలెత్తి గోడ మీది పిల్లినో, పైన పోతున్న విమానాన్నో మనకు చూపించాలి. మనుషులతో కలవడం, సంభాషించడం కష్టమయ్యే మెదడు ఎదుగుదల తేడా ఆటిజం. దాని తొలి గుర్తుల్లో, ఇంట్లోవాళ్లు ఏ పరికరమూ లేకుండా పట్టుకోగలిగిన ముఖ్యమైనది ఆ వేలు లేవకపోవడం. అయినా చాలామంది తల్లిదండ్రులు వైద్యుల దగ్గరికి వస్తున్నది మూడేళ్లు నిండాక, మాటలు రాలేదన్న బెంగతో. మాట కోసం ఎదురుచూస్తూ, మాటకన్నా ముందు రావలసినవి రాలేదని గమనించకపోవడం వల్లే ఈ ఆలస్యం.

ఎదురుచూపులకు ఇళ్లలో కారణాలు సిద్ధంగా ఉంటాయి. 'మగపిల్లాడు కదా, మాట ఆలస్యమే', 'వాళ్ల మేనమామకూ నాలుగేళ్లకు గానీ మాట రాలేదు', 'బడిలో వేస్తే అదే వస్తుంది'. కొందరు వసకొమ్ము అరగదీసి నాలుకకు రాస్తారు. ఇంకొందరు నాలుక కింద తీగ కోయించడానికి పరుగెడతారు. వస రాస్తే మాటలు రావు, పసివాళ్ల ఒంటికి అది మంచిదీ కాదు. నాలుక కింది తీగ బిగిసి ఉంటే కొన్ని అక్షరాలు సరిగా పలకవు. కానీ అలాంటి బిడ్డ కావలసినదాన్ని వేలితో చూపిస్తుంది, పిలిస్తే తిరుగుతుంది, టాటా చెబుతుంది, దోబూచులాడితే కిలకిలా నవ్వుతుంది. చెప్పాలన్న తహతహ ఉండి నోరు తిరగకపోవడం వేరు, పంచుకోవాలన్న ఊపే కనిపించకపోవడం వేరు. మాట ఆలస్యమైన ప్రతి బిడ్డకూ ఆటిజం ఉండదు. పరీక్ష రెండు సందర్భాల్లోనూ అవసరమే గానీ, రెండోదానికి ఒక్క నెల కూడా ఆగకూడదు.

6 నెలలకు మనిషిని చూసి బిడ్డ ముఖం విప్పారాలి. 9 నెలలకు పేరు పిలిస్తే తిరగాలి. ఏడాదికి బాబాబా, దాదాదా వంటి ముద్దుపలుకులు, ఎత్తుకోమని చేతులు చాచడం, చెయ్యి ఊపడం రావాలి. 16 నెలలకు ఒక్క మాటైనా, 24 నెలలకు 'అమ్మా రా', 'పాలు ఇయ్యి' వంటి సొంతంగా కూర్చిన రెండు మాటలైనా లేకపోతే చూపించుకోవలసిందే. వచ్చిన మాటలు, చేసే చేష్టలు ఏ వయసులోనైనా మాయమవడం వీటన్నింటికన్నా తీవ్రమైన గుర్తు. కొందరు పిల్లలు 15 నుంచి 24 నెలల మధ్య ఇలా వెనక్కి వెళతారు. అత్త, తాత అన్న బిడ్డ ఆ మాటలు మానేస్తుంది, టాటా చెప్పడం ఆపేస్తుంది. పళ్లు వస్తున్నాయనో, జ్వరం వచ్చి నీరసించిందనో, చెల్లి పుట్టిందని అలిగిందనో సర్దిచెప్పుకుంటారు. పోయిన మాట తిరిగి వస్తుందని కాచుకు కూర్చోవడం ప్రమాదకరం. ఇంట్లో పెద్దబిడ్డకు ఇప్పటికే ఆటిజం ఉంటే తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశం సుమారు ఐదింట ఒకటి. అటువంటి బిడ్డను తొలి ఏడాది నుంచే క్రమం తప్పకుండా పరీక్షించాలి.

పేరు పిలిచి చూడటం అందరూ చేసేదే, ఎక్కువమంది తప్పుగా చేసేదీ అదే. ఎదురుగా కూర్చుని చప్పట్లు కొడుతూ పిలుస్తారు, భుజం తట్టి పిలుస్తారు, 'చాక్లెట్ ఇస్తా రా' అంటారు. అప్పుడు బిడ్డ తిరిగింది పేరుకో చప్పుడుకో తెలియదు. టీవీ, ఫోన్ ఆపేసి, బిడ్డ ఒక బొమ్మతో ఆడుకుంటున్నప్పుడు, నాలుగైదడుగుల దూరంలో పక్కగా గానీ వెనకగా గానీ నిలబడి, మామూలు గొంతుతో ఒక్కసారి పేరు పిలవాలి. 5 సెకన్లు ఆగాలి. తిరగకపోతే కాస్త విరామమిచ్చి మళ్లీ, మొత్తం మూడుసార్లు. ఒక్కరోజు చూసి తేల్చకుండా వారంలో నాలుగైదు రోజులు, వేర్వేరు వేళల్లో చూడాలి. కురుకురేల పొట్లం గరగరలాడితే పక్కగదిలోంచి పరుగెత్తుకొచ్చే బిడ్డ పేరుకు తిరగకపోతే, చెవులు బాగానే ఉన్నాయని ఊరుకోవడం ఇంకో పొరపాటు. పొట్లం చప్పుడు వినిపించినా మనిషి గొంతులోని కొన్ని ధ్వనులు వినిపించని పాక్షిక చెవుడు ఉండవచ్చు. ఆటిజం అనుమానం ఉన్న ప్రతి బిడ్డకూ ముందుగా ఓఏఈ, బేరా వంటి వినికిడి పరీక్షలు జరగాలి. పుట్టినప్పుడు చేసిన పరీక్షలో బాగుందన్న కాగితం రెండేళ్లకు సరిపోదు.

వేలి విషయంలోనూ ఒక మెలిక ఉంది. బిస్కెట్ల డబ్బాను చూపించి కావాలని అడగడం ఒకటి, ఆకాశంలో గాలిపటాన్ని ఊరికే చూపించి మన ముఖంలోకి చూడటం ఇంకొకటి. మొదటిది అవసరం, రెండోది పంచుకోవడం. ఆటిజంలో ఎక్కువగా లోపించేది రెండోదే. తల్లి మణికట్టు పట్టుకుని ఫ్రిజ్ దాకా లాక్కెళ్లి, ఆమె చేతిని తలుపు మీద పెట్టి, ఆమె ముఖం వైపు ఒక్కసారీ చూడని బిడ్డ వేలితో చూపించినట్టు కాదు. ఆ బిడ్డ తల్లి చేతిని పనిముట్టుగా వాడుకుంటోంది. ఇంటివాళ్లు మాత్రం 'అన్నీ చూపిస్తాడండీ' అని వైద్యులకు చెబుతారు.

ఇలా పక్కదారి పట్టించేవి మరికొన్ని ఉన్నాయి. ఏ నుంచి జెడ్ వరకు, ఒకటి నుంచి వంద వరకు గడగడా చెప్పే రెండున్నరేళ్ల బిడ్డ దాహమైతే నీళ్లు అడగలేకపోవచ్చు. విన్నది అప్పజెప్పడం సంభాషణ కాదు. 'నీ పేరేంటి?' అంటే 'నీ పేరేంటి' అనే తిరిగి పలికే పిల్లలనూ మాటలు వచ్చినవాళ్లుగానే లెక్కేస్తున్నారు. కళ్లలోకి చూస్తోంది కాబట్టి, వచ్చి వాటేసుకుంటోంది కాబట్టి ఆటిజం కాదనుకోవడమూ సరికాదు. ఈ పిల్లలకు ప్రేమ తక్కువేమీ కాదు. చూపుకు, నవ్వుకు, చేతికి, మాటకు మధ్య ఉండాల్సిన జోడింపు కుదరదు, అంతే. బొమ్మకారును నడపకుండా తిరగేసి చక్రం తిప్పుతూ గంటలు గడపడం, చెప్పులన్నీ వరసగా పేర్చి ఒక్కటి కదిపితే తల్లడిల్లడం, మునివేళ్ల మీద నడవడం, మిక్సీ వేయగానే చెవులు మూసుకోవడం, తెల్ల అన్నం తప్ప ఇంకేదీ ముట్టకపోవడం... వీటిలో ఒక్కటి కనిపిస్తే బెదరనక్కర్లేదు. మామూలు పిల్లల్లోనూ ఉంటాయి. పంచుకోవడం లోపించడంతో కలిసి ఇవి కనిపిస్తే మాత్రం బరువు పెరుగుతుంది. ఆటిజం మగపిల్లల్లోనే ఎక్కువగా నమోదవుతోంది. అందుకు ఒక కారణం ఆడపిల్లల్లో దాన్ని పట్టుకోలేకపోవడం. మూల కూర్చుని ఒక్కతే ఆడుకునే పాపను 'ఎంత బుద్ధిమంతురాలో' అని మెచ్చుకుంటున్నాం.

ఇక ఫోన్. రెండేళ్లలోపు పిల్లలకు తెర అసలే వద్దని భారతీయ శిశువైద్యుల అకాడమీ చెబుతోంది. తెర వల్ల మాట వెనకబడుతుంది, అన్నం తినే వేళ ముఖాముఖి చూపులు పోతాయి. అందుకే మానిపించాలి. కానీ 'ఫోన్ వల్ల వచ్చింది, ఆరు నెలలు మానిపించి చూద్దాం' అని పరీక్షను వాయిదా వేయకూడదు. ఫోన్ ఆపడం, పరీక్షకు తీసుకెళ్లడం ఒకే వారంలో జరగాలి.

ఆ పరీక్షకు తొలిమెట్టుగా ప్రపంచమంతా వాడుతున్న సాధనం ఎం-చాట్-ఆర్. 16 నుంచి 30 నెలల పిల్లల కోసం 20 ప్రశ్నలు, అన్నింటికీ అవును, కాదు అనే జవాబులే. 17 ప్రశ్నల్లో 'కాదు' అన్న ప్రతిదానికీ ఒక మార్కు. 2, 5, 12 ప్రశ్నల్లో మాత్రం 'అవును' అంటే మార్కు. అవి చెవుడేమోనని ఎప్పుడైనా అనుమానించారా, కళ్ల దగ్గర వేళ్లు వింతగా ఆడిస్తుందా, మామూలు చప్పుళ్లకు కలవరపడుతుందా అనే ప్రశ్నలు. ఈ మూడింటిని తిరగేసి లెక్కించడం మరచిపోతే మొత్తం ఫలితమే తప్పవుతుంది. 2 వరకు వస్తే ముప్పు తక్కువ. రెండేళ్లు నిండని బిడ్డ అయితే రెండో పుట్టినరోజు దాటాక మళ్లీ అడగాలి. 3 నుంచి 7 వస్తే, మార్కు పడిన ప్రశ్నలపైనే రెండో విడత వివరంగా ఆరా తీయాలి. అప్పటికీ 2 గానీ ఎక్కువ గానీ మిగిలితే నిపుణుల దగ్గరికి పంపాలి. 8 గానీ ఎక్కువ గానీ వస్తే రెండో విడత అక్కర్లేదు, నేరుగా పంపాలి. ఇంటర్నెట్‌లో నింపుకునేవాళ్లు ఈ రెండో విడతను వదిలేసి అనవసరంగా హడలిపోతున్నారు. ఇంకొందరు నెలలో ఒకసారి చేసిన పనికీ 'అవును' పెట్టి తప్పుడు ధీమా తెచ్చుకుంటున్నారు. అరుదుగా చేసేదానికి 'కాదు' అనే పెట్టాలి. 20 మార్కులు వచ్చినా అది రోగనిర్ధారణ కాదు, నిపుణులు చూడాలన్న సూచన మాత్రమే.

నిపుణుల దగ్గరికి వెళ్లేటప్పుడు ఫోన్‌లో రెండు మూడు నిమిషాల వీడియోలు నాలుగు తీసుకెళ్లాలి. అన్నం తినేటప్పుడు, ఒంటరిగా ఆడేటప్పుడు, సాటి పిల్లల మధ్య ఉన్నప్పుడు, పేరు పిలిచినప్పుడు. కొత్త గదిలో, తెల్లకోటు ముందు బిడ్డ ఇంట్లో ఉన్నట్టు ఉండదు. ఆటిజాన్ని తేల్చే రక్తపరీక్ష లేదు, స్కాన్ లేదు. మూర్ఛ అనుమానం వంటి కారణం లేకుండా ఎమ్మారై, ఈఈజీలకు వేల రూపాయలు పోయనక్కర్లేదు. ఆటిజానికి మూలకణ చికిత్సను సిఫార్సు చేయబోమని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. పొలం అమ్మి దానికి డబ్బు కట్టే కుటుంబాలకు ఈ మాట చేరాలి. మనదేశంలో తీవ్రతను కొలిచే ఇసా స్కేలు రూపుదిద్దుకున్నది సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని మేధోవైకల్యం ఉన్నవారి జాతీయ సంస్థలోనే. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు, 70కి చేరితే ఆటిజం ఉన్నట్టు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. ధ్రువపత్రం ఉంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ పథకం కింద ఏటా లక్ష రూపాయల వరకు ఆరోగ్యబీమాకు దరఖాస్తు చేసుకోవచ్చు.

ధ్రువపత్రం వచ్చేదాకా మాత్రం బిడ్డతో చేయాల్సిన పని ఆగకూడదు. 2016లో లాన్సెట్ సైకియాట్రీ అనే వైద్యపత్రికలో వచ్చిన అధ్యయనం గోవాలోనూ, పాకిస్థాన్‌లోని రావల్పిండిలోనూ జరిగింది. నిపుణులు కాని శిక్షిత కార్యకర్తలు 12 విడతల్లో తల్లిదండ్రులకు బిడ్డతో ఎలా మెలగాలో నేర్పారు. బిడ్డ తనంతట తాను పలకరించే ప్రయత్నాలు పెరిగాయి. నేర్పింది మన ఇళ్లలో చేయలేనిదేమీ కాదు. నేల మీద కూర్చుని బిడ్డ కళ్లకు ఎదురుగా ఉండటం, ఇది చెయ్యి అది చెయ్యి అని ఆజ్ఞాపించకుండా బిడ్డ చేస్తున్నదాన్నే అనుకరించడం, చిన్న మాట చెప్పి బిడ్డ స్పందించేదాకా ఓపిగ్గా ఆగడం. ఇష్టమైన బొమ్మను అందీ అందనట్టు పెట్టి, బిడ్డ మన వైపు చూడగానే ఇవ్వాలి. అడగకముందే అన్నీ అందించే నాయనమ్మ ప్రేమ ఇక్కడ అడ్డు పడుతుంది. ఈ సంగతి ఆమెకు నొప్పించకుండా చెప్పాలి. ఇంకొకటి: బిడ్డ తికమకపడుతుందని తెలుగు మానేసి ఇంట్లో ఇంగ్లిష్ ఒక్కటే మాట్లాడమనే సలహా హైదరాబాద్‌లోనూ, అమెరికాలోని తెలుగు ఇళ్లలోనూ వినిపిస్తోంది. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం రాదు, ముదరదు. అసలే మాట కలవడం కష్టమైన బిడ్డకు అమ్మమ్మతో ఉన్న బంధాన్నీ అలా తెంచకూడదు.

టీకాల భయం గురించీ చెప్పాలి. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు వేసే ఎంఎంఆర్ టీకాను ఆటిజంతో ముడిపెట్టిన 1998 నాటి వ్యాసాన్ని లాన్సెట్ పత్రిక 2010లో ఉపసంహరించింది. తట్టు, రుబెల్లా టీకా రెండో డోసు వేసేదీ, ఆటిజం గుర్తులు బయటపడేదీ దాదాపు ఒకే వయసులో. అందుకే ఆ అపోహ చావడం లేదు. మా అభిప్రాయంలో ఈ వయసు కలవడం ఒక అవకాశం కూడా. ఆశా కార్యకర్తలు 3, 6, 9, 12, 15 నెలలకు ఇంటికి వస్తారు. ఆ తర్వాత ఆగిపోతారు. ఎం-చాట్ వయసు మొదలయ్యేది సరిగ్గా 16 నెలలకు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు వస్తాయి గానీ, మూడేళ్లలోపు పిల్లలు ఆ రోజు అక్కడ ఉండేది తక్కువ. ఈ మధ్యలో ప్రభుత్వ సిబ్బంది చేతికి బిడ్డ తప్పకుండా దొరికేది 16 నుంచి 24 నెలల మధ్య రెండో డోసుకు వచ్చిన రోజున.

టీకా వేశాక బిడ్డను అరగంట అక్కడే ఉంచాలన్నది నిబంధన. 20 ప్రశ్నలు అడగడానికి 10 నిమిషాలు చాలు. రెండు రాష్ట్రాల వైద్యారోగ్య శాఖలు ఈ ప్రశ్నలను వాడుక తెలుగులో, ఉర్దూలో, గిరిజన ప్రాంతాల్లో అక్కడి భాషల్లో అచ్చువేసి ఏఎన్ఎంల చేతికివ్వాలి. వచ్చిన మార్కును తల్లీబిడ్డల కార్డులో టీకా తేదీ పక్కనే రాయించాలి. 3 నుంచి 7 వచ్చినవాళ్లకు రెండో విడత ప్రశ్నలు వారంలోగా ఫోన్‌లోనే అడగవచ్చు. 8 గానీ ఎక్కువ గానీ వచ్చినవాళ్లకు జిల్లా సత్వర చికిత్సా కేంద్రంలో వినికిడి పరీక్షకు, నిపుణుల పరిశీలనకు తేదీ అదే రోజు ఇచ్చి పంపాలి. ఆ తేదీన అక్కడ స్పీచ్ థెరపిస్టు ఉండాలి. పోస్టు ఖాళీగా ఉందని ఆ తల్లిని తిప్పి పంపకూడదు.