అల్లుడుగారికి అడుగు అంతస్తు

విహార నౌకలో గదుల పంపకానికి తెలుగు కుటుంబాలు వాడుతున్న పద్ధతి పెళ్ళి విడిది నుంచి తెచ్చుకున్నది. పై అంతస్తులో, ఓడ ముందు భాగాన, బాల్కనీ ఉన్న గది అల్లుడుగారికి. పక్కది వియ్యపురాలికి. పెద్దాయనకి మోకాళ్ళ నొప్పులు కాబట్టి లిఫ్టు దగ్గరది. ఓడ నడిమధ్యన, అడుగు అంతస్తులో, కిటికీ కూడా లేని చవక గది పెళ్ళికాని బాబాయికి. రేవు దాటిన రెండు గంటలకి అల్లుడుగారు బాత్రూంలో నేలమీద చతికిలబడి, చల్లటి గోడకి నుదురు ఆనించి ఉంటారు. బాబాయి గుర్రుపెట్టి నిద్రపోతుంటాడు. ఎక్కువ డబ్బు కట్టినవాడికే ఎక్కువ ఊపూ, దాంతోపాటు వచ్చే సముద్రపు వికారమూ దక్కే ఈ ఏర్పాటు గురించి సీరియస్‌గా ఆలోచించాల్సిన సమయం వచ్చింది.

కొబ్బరి చెట్టు మొదలు కదలదు, మట్ట ఊగుతుంది. ఓడ కూడా అంతే. పక్కలకి ఒరిగినప్పుడు పై అంతస్తులు ఎక్కువ దూరం తిరుగుతాయి, నీటిమట్టానికి దగ్గరున్నవి తక్కువ. ముందుకీ వెనక్కీ లేచిపడేటప్పుడు పార్కులో పిల్లలు ఇటొకరు అటొకరు కూర్చుని ఎగిరే బల్లను తలుచుకోండి. చివర్లలో ఉన్నవాళ్ళు ఎగురుతారు, నడుమ కూర్చున్నవాడు కదలడు. అంచేత మన జాలర్లు అణియం, అమరం అని పిలిచే రెండు కొసలూ కడుపుకి శత్రువులే. “మా ఓడకి స్టెబిలైజర్లు ఉన్నాయండీ” అని ఏజెంటు అభయం ఇస్తాడు. అబద్ధం కాదు. నీళ్ళలో రెండు పక్కలా ఉండే ఆ రెక్కలు పక్కలకి ఒరగడాన్ని బాగానే తగ్గిస్తాయి, అదీ ఓడ వేగంగా పోతున్నప్పుడు. ముక్కు లేచిపడటాన్ని అవి పెద్దగా ఆపలేవు. అన్నిటికన్నా చెడ్డది మొత్తం ఓడ నెమ్మదిగా లేచి దిగడం. ఇంచుమించు ఐదు సెకన్లకోసారి లేచి దిగే కదలిక కడుపులో దేవడానికి సరిగ్గా సరిపోతుంది.

గదిలో కూర్చున్నప్పుడు కళ్ళు మంచాన్నీ గోడనీ చూసి “ఏమీ కదలట్లేదు” అని కబురు పంపుతాయి. చెవి లోపలి మూడు గొట్టాల్లోని ద్రవం మాత్రం “కదులుతోంది మొర్రో” అంటుంది. ఇంట్లో ఇద్దరు పెద్దలు చెరో మాట చెబితే ఆ కోపం ఎవరి మీద పడుతుందో అందరికీ తెలిసిందే. ఇక్కడ కడుపు మీద పడుతుంది. లోపలి చెవి అసలు పనిచేయనివాళ్ళకి ఈ బాధ రాదు. కనక ఇది చెవి నుంచి వచ్చే బాధ. మన ఇళ్ళలో దీన్ని గుణదోషం కింద లెక్కేస్తారు, అందుకే ఎవరూ ఒప్పుకోరు. “నాకెప్పుడూ పడదనేది లేదు, ఆ పులిహోరలో నూనె తేడా” అంటారు. ట్రఫాల్గర్ నౌకాయుద్ధం గెలిచిన బ్రిటిష్ నౌకాసేనాని నెల్సన్‌కి జీవితాంతం సముద్రం పడలేదు. డార్విన్ 1831 నుంచి 1836 దాకా బీగిల్ ఓడ మీద వాంతులతో అవస్థ పడ్డాడు, కడుపులో నిలిచేవి బిస్కెట్లూ కిస్‌మిస్సులే అని ఇంటికి ఉత్తరం రాసుకున్నాడు. వాళ్ళకి లేని పరువు మామయ్యకెందుకో తెలీదు.

కాబట్టి టిక్కెట్లు తీసే ముందు ప్రతి ఇంటా ఓ విచారణ జరగాలి. ప్రశ్న ఒక్కటే: తిరుమల ఘాట్ రోడ్డులోనో అరకు మలుపుల్లోనో కవరు అడిగినవాళ్ళెవరు? కారులో తిప్పేవాళ్ళకి ఓడలోనూ తిప్పుతుంది. రెండేళ్ళ లోపు పసివాళ్ళకి రావడం అరుదు. రెండు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకి ఎక్కువ. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళకి ఎక్కువ, పార్శ్వపు తలనొప్పి (మైగ్రేన్) ఉన్నవాళ్ళకి ఇంకా ఎక్కువ. ఈ జాబితా ప్రకారం కింది అంతస్తు నడిమి గదులు కేటాయించాలి. అల్లుడుగారి పేరు ముందుంటే అడుగు అంతస్తు ఆయనకే. అలగకుండా “మీ కోసం ప్రత్యేకంగా” అని చెబితే సరిపోతుంది.

కాలం ఎంపిక మరీ విచిత్రం. 2022లో విశాఖ నుంచి పుదుచ్చేరి మీదుగా చెన్నైకి విహార నౌక మొదలైంది జూన్‌లో, అంటే నైరుతి గాలులు లేచే వేళ. మనకి తీరికలు వేసవి సెలవుల్లోనూ దసరాకీ దొరుకుతాయి. బంగాళాఖాతానికి తుఫానులు కూడా ఆ రోజుల్లోనే దొరుకుతాయి. కాస్త నిమ్మళంగా ఉండేది జనవరి నుంచి మార్చి దాకా. సంక్రాంతికి అల్లుడు ఎలాగూ వస్తాడు కదా, పండగ అయ్యాక అటునుంచటే ఎక్కించండి.

మందు సంగతిలో గుర్తుంచుకోవాల్సింది ఒకటే. వికారం మొదలయ్యాక మింగిన మాత్ర మాత్రగానే బయటికొస్తుంది. రాకపోయినా లాభం తక్కువ, ఎందుకంటే ఆ స్థితిలో కడుపు దేన్నీ కిందికి తొయ్యదు. “చూద్దాం, వస్తే వేసుకుందాం” అనే వీరులకి ఇక మిగిలేది ఓడ డాక్టరు సూదే. దాని బిల్లు చూస్తే రెండో వాంతి వస్తుంది. అవోమిన్ 25 మిల్లీగ్రాములది ముందు రాత్రి పడుకునేటప్పుడు ఒకటి. లేదా సినరిజిన్ 25 మిల్లీగ్రాములది ఓడ కదలడానికి రెండు గంటల ముందు ఒకటి, ఆపైన అవసరమైతే ఎనిమిది గంటలకోసారి సగం. రెండూ కలిపి వేసుకోకూడదు. రెండూ మత్తుగా ఉంచుతాయి, పైగా మద్యం గ్లాసు జోడిస్తే మత్తు రెట్టింపు. రెండేళ్ళ లోపు పిల్లలకి అవోమిన్ జాతి మందు అసలు పనికిరాదు, ఊపిరికే ప్రమాదం. పెద్ద పిల్లలకి బరువును బట్టి డాక్టరు చెప్పిన మోతాదే. ఇంట్లో అన్ని వాంతులకీ వేసే ఒండాన్‌సెట్రాన్‌కి సముద్రం దగ్గర పలుకుబడి లేదు. కీమో వాంతుల్ని ఆపేంత గట్టిదే, కానీ చెవి నుంచి వచ్చే వికారం దాని మాట వినదు.

అమెరికా చిన్నాన్న తెచ్చే చెవి వెనక పట్టీ ఇంకో కథ. స్కోపొలమిన్ అనే ఈ మందు బాగా పనిచేస్తుంది. వెంట్రుకల్లేని చోట, కనీసం నాలుగు గంటల ముందు అంటించాలి, మూడు రోజులు ఉంటుంది. మనవాళ్ళు ఒకదాన్ని కత్తిరించి ఇద్దరికి పంచుతారు. పంచకూడదు. అంటించిన చేత్తో కన్ను నలిపితే ఆ కంటిపాప విప్పారి ఊరంతా మసకగా కనిపిస్తుంది, కాబట్టి సబ్బుతో చెయ్యి కడగాలి. గ్లకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవాళ్ళకీ, ప్రోస్టేట్ వల్ల మూత్రం సరిగా రాని తాతయ్యలకీ, పిల్లలకీ ఇది నిషిద్ధం.

ఇంటి వైద్యాల్లో శొంఠికి కాస్త గౌరవం ఇవ్వొచ్చు. ఒక గ్రాము, అంటే సుమారు అర టీస్పూను పొడి, అరగంట ముందు గోరువెచ్చటి నీళ్ళలో. తేలిక వికారానికి కొంత మేలు, కెరటం పెద్దదైతే కష్టమే. నిమ్మకాయ వాసన హాని చెయ్యదు. బొడ్డు మీద న్యూస్‌పేపరు పెట్టుకునే ఆచారానికి ఒకే ప్రయోజనం కనిపిస్తోంది, పెట్టుకున్నంతసేపూ దాన్ని చదవలేరు. ఊగే ఓడలో చదవడం, ఫోను చూడటం కన్నా వేగంగా వాంతి తెప్పించేది లేదు. ఎండుమిర్చి కాల్చి దిష్టి తీసే కార్యక్రమం మాత్రం రేవులోనే ముగించుకోండి. గదిలో పొగ లేస్తే అలారం మోగుతుంది. దిష్టి పోతుందేమో గానీ ఓడంతా మీ తలుపు ముందు ఉంటుంది.

ఖాళీ కడుపుతో ఎక్కితే తక్కువ తిప్పుతుందనేది అపోహ. రెండు గంటల ముందు రెండు ఇడ్లీలు, సంచిలో మారీ బిస్కెట్లో బొరుగులో ఉంటే మేలు. మూసిన గదిలో ఆవకాయ జాడీ మూత తీసేవాళ్ళని తోటి ప్రయాణికులు క్షమించరు, వాసన కూడా వికారాన్ని లేపుతుంది. లిఫ్టుల దగ్గరా మెట్ల రెయిలింగులకీ సిబ్బంది కాగితపు సంచులు గుచ్చుతూ కనిపిస్తే వాతావరణ సూచన అందినట్టే. బఫే వైపు వెళ్ళకండి.

నోట్లో లాలాజలం ఊరి, ఆవలింతలు, చల్లటి చెమట మొదలయ్యాయంటే గదిలో ఉండకూడదు. ఓడ నడుమ ఉన్న బయటి డెక్కు మీదికొచ్చి, నింగీ నీరూ కలిసే గీత మీద చూపు నిలపాలి. అప్పుడు కళ్ళూ చెవీ ఒకే మాట చెబుతాయి. రాత్రయితే వెల్లకిలా పడుకుని, తల కదలకుండా దిండుకి ఆనించి, కళ్ళు మూసుకోవడమే. రెయిలింగు మీదికి వంగొద్దు, పడిపోతారు. పైగా గాలికి ఎదురైతే ఇచ్చింది తిరిగి మీకే వస్తుంది. వాంతి అయ్యాక పావుగంట కడుపుకి సెలవు. ఆపైన రెండు మూడు నిమిషాలకో చెంచా ఓఆర్‌ఎస్. లీటరు ప్యాకెట్‌ని మొత్తం లీటరు నీళ్ళలోనే కలపాలి, గ్లాసులో సగం ప్యాకెట్ పోస్తే ఉప్పు ఎక్కువై పిల్లలకి హాని. విరేచనాలూ జ్వరమూ తోడై ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వస్తే నింద సముద్రం మీద వెయ్యకండి, అది నోరోవైరస్ అనే అంటుకునే కడుపు వైరస్ కావచ్చు. శానిటైజరుకి అది సరిగా లొంగదు. సబ్బుతో చేతులు కడుక్కుని ఓడ వైద్యశాలకి చెప్పాలి.

రెండు మూడు రోజులకి శరీరం అలవాటు పడుతుంది, సరిగ్గా దిగే వేళకి. దిగాక నేల ఊగుతుంది. కళ్ళు మూసుకుని తలస్నానం చేసేటప్పుడు మరీనూ. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో పోతుంది. పోయాక అల్లుడుగారికి మొక్కు గుర్తొస్తుంది. బాత్రూం నేలమీద కూర్చుని ఏడుకొండలవాడికి తలనీలాలిస్తానన్నారాయన. సరే, కొండెక్కడానికి రెండు గంటల ముందు మాత్ర, కారులో ముందు సీటు, చూపు రోడ్డు మీద. ముందు సీటు మన ఇళ్ళలో మామగారిది. విచారణ మళ్ళీ మొదలుపెట్టాలి.