మహారాజశ్రీ ‘మేగ్నెట్ వీకైపోయింది’ గారికి

విశాఖపట్నం

నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

రిపేరు షాపువాళ్లు తమరి పేరు చెప్పకుండా ఈ ఊళ్లో ఒక్క స్పీకరూ మూలన పడదు. లోతు శబ్దాలు పలికే పెద్ద స్పీకర్ వూఫర్ బరబరలాడినా తమరే, సన్నటి శబ్దాలు పలికే చిన్నది ట్వీటర్ మూగబోయినా తమరే. స్క్రూ విప్పకుండా, మీటర్ పెట్టకుండా తేల్చేస్తారు!

చిన్న మనవి. ఇళ్లలోని వూఫర్లకి సాధారణంగా ఉండేది ఫెర్రైట్ మేగ్నెట్. కింద పడితే పగులుతుంది గానీ, పాటలు వినిపించి నీరసపడదు. ఉప్పుగాలికి పాడైందంటారా? ఫెర్రైటంటే చాలామటుకు ఐరన్ ఆక్సైడే. పుట్టుకతోనే తుప్పు, ఇంకేం పడుతుంది?

ఆ గాలి కొరికేది కోన్ (ముందుకీ వెనక్కీ ఊగే గరాటు) చుట్టూ ఉన్న ఫోమ్ రింగుని. తేమకి పది ఇరవై ఏళ్లలో తడిసిన అప్పడంలా వేలికి అంటుకొస్తుంది. రింగు పోతే కోన్ పక్కకి ఒరిగి, దాని వెనకున్న తీగచుట్ట, అదే కాయిల్, మేగ్నెట్ సందులో రాసుకుంటుంది. నాలుగు వేళ్లతో కోన్‌ని సమంగా నొక్కితే గరగర వినపడేది అదే. బాగుచెయ్యాలంటే పాత జిగురు గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. కోన్ నడిమి గుండ్రటి మూత, అంటే డస్ట్ క్యాప్, బ్లేడుతో కోసి, కాయిల్ పక్కకి ఒరగకుండా కాయిల్‌కీ లోపలి ఇనుప కడ్డీకీ మధ్య చుట్టూ కాగితం ముక్కలు దోపాలి. కొత్త రింగుని ముందు కోన్‌కి అతికించి, ఆరాక ఫ్రేముకి. 24 గంటలు ముట్టుకోకూడదు. ఆ తర్వాతే కాగితాలు లాగి క్యాప్ పెట్టడం. సూపర్ గ్లూ వద్దు, సరిచేసుకునే వ్యవధివ్వదు.

ట్వీటర్ సంగతి. వైరు విప్పి మల్టీమీటర్ పెడితే, 8 ఓమ్స్‌దైతే 6, 7 చూపించాలి. ఏమీ చూపకపోతే కాయిల్ తెగింది. చూపించీ పలక్కపోతే ముందున్న కెపాసిటర్‌ని అనుమానించాలి. అది నాన్-పోలార్ (ప్లస్ మైనస్ తేడా లేనిది), తరచుగా 4.7 మైక్రోఫారడ్. దొరక్కపోతే ప్లస్ మైనస్ ఉన్న మామూలువి 10 మైక్రోఫారడ్‌వి రెండు, మైనస్‌కి మైనస్ కలిపి వేస్తే 5 వస్తుంది. తమరి శిష్యులు ఒక్కటే వేసి పంపేస్తుంటారు, అదింకో బేరానికి పెట్టుబడి కాబోలు.

సముద్రానికి దగ్గరున్న లాసన్స్ బే, పెదవాల్తేరు ఇళ్లలో అసలు దోషి చాలాసార్లు వైరు కొసన పట్టిన చిలుము. అంగుళం కోసేసి, కొత్త రాగి తేల్చి, క్లిప్పుని సేండ్ పేపర్‌తో రుద్దితే సరి. దీనికి బిల్లు వెయ్యలేరు కనక తమరు పట్టించుకోరు.

చిత్తగించవలెను.

తా.క.: స్క్రూలు విప్పేటప్పుడు స్క్రూడ్రైవర్‌ని గట్టిగా పట్టుకోమనండి. తమరు వీకన్న ఆ మేగ్నెట్టే దాన్ని గుంజుకుని కోన్‌లో గుచ్చేస్తుంది.